పదకొండో పెట్టె

ఏప్రిల్ 27

ఉదయం ఏడు. టవరు 4417. బలం 89. దూరం 31. మిస్డ్ కాల్ ఒకటి.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా ఫోను చదివే పద్ధతి ముందు రాయాలని నాకు ఈ పని నేర్పిన దస్తగిరి పెట్టిన నియమం. నేను పోయినా, నా తర్వాత నీళ్ళ వంతులు నడిపే నీరుగంటికి పనికొస్తుందని.

బటన్ల ఫోను తీసుకోవాలి. స్టార్, హ్యాష్, లోపలి నంబరు, మళ్ళీ హ్యాష్ కొట్టాలి. నంబరు ఈ పుస్తకం అట్ట లోపల ఉంది. పచ్చ బటన్ నొక్కకూడదు. చివరి హ్యాష్ పడగానే లోపలి మెనూ వస్తుంది. ఫోను చేసినవాళ్ళు తమ పరీక్షల కోసం పెట్టుకుని, అమ్మేటప్పుడు తీసేయకుండా దాచిన మెనూ ఇది. మొదటి పేజీలో మూడు అంకెలు ఉంటాయి. ఒకటి టవరు నంబరు. రెండోది బలం. దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది, మేం రాయం. అంకె పెరిగితే బలం తగ్గినట్టు. బోరు లోతు లాగే. మూడోది దూరం. ఒక్కో అంకెకు అర కిలోమీటరు, ఇంకొంచెం.

రెండో పేజీలో పక్క టవర్లు ఉంటాయి. సోలారు పలకల కంపెనీ టవరు 7700 ఎప్పుడూ అక్కడ ఉంటుంది. అది మన ఫోన్లను రానివ్వదు. రెండో పేజీ చూడక్కర్లేదు.

తొమ్మిదో పేజీలో తాళం. ఫోను తనంతట తాను బలమైన టవరుకు పోతుంది. రెండేళ్ళ కిందట కంపెనీ టవరు లేచినప్పుడు మన ఫోన్లన్నీ దాని దగ్గరకు పోయాయి. అది తోసేసింది. నాలుగు రోజులు మోటార్లు నిలిచాయి. అప్పుడు దస్తగిరి, నేను కలిసి నా ఫోనుకూ, పధ్నాలుగు బోరు మోటార్ల పెట్టెల్లో ఫోన్లకూ 4417 మీద తాళం వేశాం. ఇంక అవి వేరే టవరుకు పోవు. బ్యాటరీ తీస్తే తాళం పోతుంది. మళ్ళీ వేయాలి.

ఫోను పైన కనిపించే గీతలు నమ్మకూడదు. గీతలు జనానికి, అంకెలు మనకు అనేవాడు దస్తగిరి. అతను పోయి ఏడాది అయింది.

కొండ మీద టవరును చూసేది నా తమ్ముడు కుళ్ళాయప్ప. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. మూడు నెలలకు ఒకసారి దిగి వచ్చి రాగిపిండి, ఉప్పు, బెల్లం తీసుకుపోతాడు. ఈ టవర్లలో మాట పోయే భాగం ఎప్పుడో చెడింది. రింగు మాత్రం పోతుంది. మోటారు లేవడానికి రింగు చాలు. ఒక రింగు ఇస్తే లేస్తుంది, ఇంకొకటి ఇస్తే ఆగుతుంది. పెట్టెల్లో ఎక్కించినవి రెండే నంబర్లు, నాదీ తమ్ముడిదీ. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఫోను లేదు. రింగు పోయిందో లేదో ఇచ్చినవాడికి తెలియదు, చెవిలో ఏమీ వినపడదు.

రోజూ ఉదయం ఏడింటికి తమ్ముడు నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒకటి అంటే బాగున్నాను అని. వెంటవెంటనే రెండు అంటే రండి అని. రెండు ఎప్పుడూ రాలేదు.

ఊరి పలకల కరెంటు ఒకసారికి ఒక మోటారుకే చాలుతుంది. అందుకే వంతు. వంతులు నడిచే నాలుగు నెలలు నీరుగంటి పొలిమేర దాటకూడదు.

పద్ధతి అయిపోయింది. ఈ రోజు పని: పదకొండో పెట్టె, సుంకమ్మ బోరు. ఫోను బ్యాటరీ ఉబ్బి మూత లేచింది. కొత్తది వేశాను. ఎండకు నిలవలేక వెంటనే వచ్చేశాను.

ఏప్రిల్ 29

టవరు 4417. బలం 90. దూరం 31. మిస్డ్ కాల్ ఒకటి.

పదకొండో మోటారు మూడోసారి రింగు ఇస్తే లేచింది. మిగతావి మొదటి రింగుకే లేచాయి.

ఏప్రిల్ 30

టవరు 4417. బలం 91. దూరం 31. మిస్డ్ కాల్ ఒకటి.

సాయంత్రం కొండ వైపు మబ్బు పట్టింది. ఉరిమింది. ఊళ్ళో చినుకు పడలేదు. సుంకమ్మ వాకిట్లో గంప బోర్లించుకుని కూర్చుని ఆకాశానికేసి, "రాకుంటే రాకపోతివి, అట్ల అరిచేదెందుకు?" అంది.

మే 1

ఉదయం ఏడు. టవరు నంబరు లేదు. బలం లేదు. దూరం లేదు. మిస్డ్ కాల్ లేదు.

ఫోను ఆపి మళ్ళీ వేశాను. మిద్దె ఎక్కి చూశాను. అదే.

పెద్దమనిషి తిప్పన్న దగ్గరకు పోయి చెప్పాను. ఆయన మేకకు గిట్టలు కోస్తున్నాడు.

"దుమ్ము పడింటాదిలేమ్మా. తుడిస్తే వస్తాది."

"బలం తగ్గితే దుమ్మన్నా. టవరు నంబరే లేదు. దుమ్ము కాదు."

"మూడు దినాలు చూద్దాం. వాడు మొండోడు. వాడే సరిజేస్తాడు."

"ఎవురినైనా పంపితే?"

"ఈ ఎండలో పదిహేడు పద్దెనిమిది కిలోమీటర్లు ఎవుర్ని పంపల్ల? నువ్వు పోతావా?"

నేను పోకూడదని ఆయనకు తెలుసు. మాట అని, మేక కాలు మార్చుకున్నాడు.

మే 3

టవరు లేదు.

రింగు లేకపోతే ప్రతి మోటారు దగ్గరకు నడిచిపోయి, పెట్టె తాళం తీసి, చేత్తో బటన్ నొక్కాలి. ఒకటో బోరు నుంచి పధ్నాలుగుకు మూడు కిలోమీటర్లు. రెండు రోజుల్లో తొమ్మిది వంతులు ఇవ్వగలిగాను. ఐదుగురికి అందలేదు. వాళ్ళలో ఇద్దరు అరిచారు. మిగతా ముగ్గురూ మాట్లాడలేదు. మాట్లాడనివాళ్ళే ఎక్కువ గుర్తుంచుకుంటారు.

సుంకమ్మ ఎదురుపడింది. "ఏమక్కా, చెప్పులు మార్చుకోగూడదా? ఇట్లే తిరిగితే నీ కాళ్ళకిందనే ఇంకో బోరు పడేటట్టుండాది."

నేను నవ్వకపోయేసరికి ఆమే అంది, "తమ్ముడికేం కాదులే. వానికి నీకంటే బుద్ధి ఎక్కువ."

మే 4

తిప్పన్న తన కొడుకు రుద్రప్పనూ, ఇంకొకరినీ తెల్లవారకముందే కొండకు పంపాడు. గుట్ట దారిలో పోయారు. అది కాలిదారి, దగ్గర. నేను బెల్లం ముద్ద, రెండు బీడీ కట్టలు ఇచ్చి పంపాను. కుళ్ళాయప్ప బీడీ మానేశానంటాడు. మానలేదు.

మే 7

రుద్రప్ప వాళ్ళు పొద్దున వచ్చారు. రచ్చబండ దగ్గర అందరి ముందూ చెప్పాడు.

"పిడుగు పడింది అత్తా. టవరు పెట్టె బొగ్గయిపోయింది. పలకలు లేవు, బ్యాటరీలు లేవు. తోపుడుబండి లేదు. మనిషీ లేడు."

"దెబ్బ తగిలినట్టు ఏమైనా ఉందా?" అని అడిగాను.

"ఏం లేదు. కొట్టం ఊడ్చి పెట్టినాడు. పలకల బోల్టులు గూడా పానాతో విప్పినాడు, పెరకలేదు. నిదానంగా పోయినట్టుండాది."

"బండి జాడ?"

"రైలుకట్ట దాకా ఉండాది. కట్ట ఎక్కినాక కంకర. ఆడ జాడ నిలవదు."

రైళ్ళు ఆగి చాలా కాలమైంది. పట్టాలు కూడా లేవు. కట్ట ఒక వైపు టౌనుకు పోతుంది. ఇంకో వైపు మన ఊరికి తూర్పున పాత రైలు గేటు దాకా వస్తుంది. ఇటు వచ్చి ఉంటే ఈపాటికి ఊళ్ళో ఉండాలి.

ఎవరో వెనక నుంచి అన్నారు. "పన్నెండు పలకలు. టౌన్లో వాటికి ఇల్లే ఇస్తారంట."

తిప్పన్న, "వాడట్లాంటోడు కాదు" అన్నాడు. ఇంకాస్సేపటికి, "కాదనే అనుకుంటిమి" అన్నాడు.

ఏడింటికి ఒకటో బోరు దగ్గర నేను లేపిన మోటారు ఇంకా నడుస్తూ ఉంది. పోయి ఆపాను.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. ఏడుంబావు దాటాక ఆ ఒకటో మోటారు ఒక నిమిషం పాటు గుక్క తిప్పుకోలేక మూలిగింది. కరెంటు చాలనట్టు. తర్వాత మామూలుగా నడిచింది.

మే 9

టవరు లేదు. రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను.

ఒకటో మోటారు నిన్న కూడా అదే వేళకు మూలిగింది. ఈ రోజు కూడా. రెండు మోటార్లు ఒకేసారి లేస్తే అలా ఉంటుంది. ఎవరో వంతు తప్పి మోటారు వేస్తున్నారు.

మధ్యాహ్నం సుంకమ్మ తనే వచ్చింది.

"అక్కా, నా మోటారుకు దయ్యం పట్టింది. పొద్దున ఏడున్నర లోపల దానంతట అదే లేస్తాది. నిమిషం నడిచి, ఆగిపోతాది. మూడు దినాల్నుంచి ఇదే కత."

"పెట్టె తాళం నా దగ్గరుంది. ఎట్ల లేస్తాది?"

"అదే గదా చెప్తాండా. దయ్యానికి తాళమెందుకు?"

"నీ మొగుడు ముందోసారి మేకుతో తీసినాడు గదా."

సుంకమ్మ నవ్వడం మానేసింది. "అది ఆరేళ్ళనాటి మాట. అప్పుడు చేను ఎండిపోతాంది. తప్పు డబ్బు కట్టినాం. ఇప్పుడు చేసింటే నీకొచ్చి నేనే చెప్తానా?"

ముందే వచ్చి చెప్పడం కూడా ఒక ఉపాయమే అనుకున్నాను. పైకి అనలేదు.

మే 11

ఒకటో బోరు పని వేరేవాళ్ళకు అప్పగించి, ఏడున్నర దాటాక సుంకమ్మ బోరు దగ్గరకు పోయాను. కాలువ మొదట్లో నాలుగు అడుగుల మేర తడి ఉంది. సుంకమ్మ గట్టు మీద ఉంది.

"ఇప్పుడే లేసి ఆగింది. నువ్వు కాస్త ముందొచ్చింటే చూసిందువు."

"ఎన్ని దినాలని ఇట్ల?"

"నన్నడుగుతావేంది? ఆ డబ్బా నీది. తాళం నీది. దాంట్లో ఫోను నీది. తెరిచి చూడు, ఫోన్లో గీతలు గూడా నిండుగా ఉండాయి. మూత సందులోంచి నేను రోజూ చూస్తాండా."

"టవరు లేనిది గీతలెక్కడివి? గీతలు అబద్ధం చెప్తాయి."

"సరే, గీతలు అబద్ధం. నేనబద్ధం. తడి గూడా అబద్ధమా?"

"తడి నిజమే. అందుకే వచ్చినా."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "రేపు ఏడుకొచ్చి ఈడ కూర్చో. నీ కండ్లతో నువ్వే చూడు. నేను దూరంగా ఆ చింతచెట్టు కాడుంటా."

"రేపు ఏడుకు నేను ఒకటో బోరు కాడుండల్ల. ఈ పొద్దు పోయిందే ఎక్కువ."

ఇది పూర్తి కారణం కాదు. వేరే రోజైతే వచ్చి కూర్చునేదాన్నేమో. నాలుగు రోజులుగా నేను దొంగకు అక్కను. రచ్చబండ దగ్గర నేను పోతే మాటలు ఆగుతున్నాయి. సుంకమ్మను చూసీ చూడనట్టు వదిలితే నీరుగంటి ఇల్లంతా ఒకటే అంటారు. అందుకని వదలలేదు.

వంతు తప్పితే కట్టు. ఐదు రోజులు పెట్టె కట్టేయాలి. పెట్టె తెరిచాను. ఫ్యూజు పీకాను. ఫోను తెర వైపు చూడకుండానే ఆపేసి, సంచిలో వేసుకున్నాను. పెట్టెకు కట్టు గుర్తుగా వేపకొమ్మ కట్టాను.

సుంకమ్మ చూస్తూ నిలబడింది. "ఐదు దినాలంటే ఈ వేరుశనగ పోతాది" అని మాత్రం అంది. అరవలేదు.

మే 12

టవరు లేదు. ఒకటో మోటారు మూలగలేదు.

అంటే దొంగ దొరికినట్టే. తిప్పన్నతో చెప్పాను. "నీ పనికి తప్పదులే హనుమక్కా, నువ్వు చేసింది న్యాయం" అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత ఒకరు నాతో నేరుగా అన్న మంచి మాట అది. ఇంటికి వచ్చి సంగటి కడుపునిండా తిన్నాను.

మే 14

టవరు లేదు. ఎండ బాగా ఎక్కువగా ఉంది. నాలుగో బోరు దగ్గర కాకి నోరు తెరుచుకుని మోటారు పైపు మీద కూర్చుంది, తోలినా లేవలేదు.

మే 16

కట్టు ఈ రోజుతో తీరింది. ఫోను తిరిగి పెట్టెలో పెట్టాలి. పొద్దున చార్జింగు పెట్టాను. పెట్టేముందు తాళం ఉందో లేదో చూడాలి. లోపలి మెనూ తెరిచాను.

టవరు 2093. బలం 66. దూరం 6.

నా ఫోను తీసి చూశాను. అక్కడ ఏమీ లేదు. రెండు ఫోన్లూ ఒకే అరుగు మీద పక్కపక్కన ఉన్నాయి.

2093 ఎవరిదో నాకు తెలియదు. కంపెనీది కాదు. బలం 66 అంటే కొండ టవరు ఎప్పుడూ ఇవ్వనంత బలం. దూరం 6 అంటే మూడు కిలోమీటర్లు దాటి కొంచెం. తొమ్మిదో పేజీ తెరిచాను. తాళం లేదు. ఏప్రిల్ 27న బ్యాటరీ మార్చి తాళం వేయకుండా వచ్చేశాను. ఆ రోజు పేజీ తిప్పి చూశాను. 'ఎండకు నిలవలేక వెంటనే వచ్చేశాను' అని నేనే రాశాను.

నా ఫోనులో రెండో పేజీ తెరిచాను. 7700. దాని కింద 2093.

మెనూలోంచి బయటకు వచ్చేటప్పుడు సుంకమ్మ పెట్టె ఫోను తెర మీద ఇంకో మాట ఉంది. మిస్డ్ కాల్స్ 10. పెట్టెలో ఫోనుకు మిస్డ్ కాల్స్ చూసే అలవాటు ఎవరికీ లేదు. అది మోటారు లేపడానికి ఉన్న ఫోను.

ఆ ఫోను చివరి పదే ఉంచుకుంటుంది. పదీ కుళ్ళాయప్పవే. మే 7, ఉదయం 7:22. 7:23. మే 8, 7:22. 7:23. అలా మే 11 దాకా, రోజుకు రెండు.

వెంటవెంటనే రెండు.

దూరం 6ను వేళ్ళ మీద లెక్కేశాను. ఊరి చుట్టూ మూడు కిలోమీటర్ల మీద పాత టవరు స్తంభం ఉన్నది ఒక్కచోటే, తూర్పున రైలు గేటు దగ్గర. అటు బోర్లు లేవు, చవుడు నేల. ఎండాకాలం ఎవరూ పోరు.

పెట్టెల తాళాల గుత్తి తీసుకుపోయి తిప్పన్న ముందు పెట్టాను.

"వంతులు నడుస్తాండాయి. పొలిమేర దాటకూడదు గదమ్మా" అన్నాడు.

ఫోను చూపించాను. ఆయనకు చదవడం రాదు. రుద్రప్ప చదివి వినిపించాడు. తిప్పన్న గుత్తి తీసుకున్నాడు.

సుంకమ్మ వాకిలి మీదుగానే పోవాలి. "ఫోను తెచ్చినావా?" అంది. చెప్పాను. ఆమె లోపలికి పోయి నీళ్ళ బిందె, పాత దుప్పటి తీసుకుని నా వెంట వచ్చింది. రుద్రప్ప ఎద్దులబండి కట్టుకుని వెనక వచ్చాడు.

సగం దారిలో సుంకమ్మ అంది. "బతికింటే నీళ్ళు ఒకేసారి తాపగూడదు. గుడ్డతో తడపల్ల."

నేను ఊఁ అన్నాను.

మే 17

నిన్నటిది రాస్తున్నాను.

గేటు గది పక్కన స్తంభం. తోపుడుబండి నీడలో నిలబెట్టి ఉంది. పలకలు పన్నెండూ కట్ట వాలులో దక్షిణానికి పరిచి, ఒక్కోదాని కింద రాయి పెట్టి, తీగలు చుట్టి ఉన్నాయి. స్తంభం కింద పాత టవరు పెట్టెలో పచ్చ లైటు వెలుగుతూ ఉంది. స్తంభానికి మూడు నిలువుల ఎత్తున నిచ్చెన మెట్టు ఒకటి విరిగి వేలాడుతోంది. పైన తీగ కొస బిగించే ఉంది. దిగేటప్పుడు పడి ఉంటాడు.

కుళ్ళాయప్ప గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడి తొడ విరిగింది. పానా, రెండు కట్టెలు పెట్టి తనే పంచె చుట్టుకున్నాడు. నీళ్ళ క్యాను పక్కనే ఉంది, ఖాళీది. ప్రాణం పోయి రెండు రోజులు అయి ఉంటుందని సుంకమ్మ అంది. ఆమె ఇలాంటివి నాకంటే ఎక్కువ చూసింది.

పలకల్లో చేతికి అందే మూడింటి మీద రెండు రోజుల దుమ్ము ఉంది. మిగతా తొమ్మిదింటి మీద పది రోజుల దుమ్ము ఉంది.

ఫోను ఒళ్ళో ఉంది, బ్యాటరీ తీగకు తగిలించి. ఆ ఫోను చివరి ఇరవై కాల్స్ మాత్రమే ఉంచుకుంటుంది. చూశాను. మే 13న పన్నెండో పెట్టెకు రెండు, పదమూడో పెట్టెకు రెండు, పధ్నాలుగో పెట్టెకు రెండు. మే 14న ఏడింటికి నాకు రెండు. తర్వాత ఒకటో పెట్టెకు రెండు, రెండో పెట్టెకు రెండు, అలా వంతు వరసలో ఆరో పెట్టె దాకా. అక్కడ ఆగింది.

నిమిషానికి ఒక రింగు. ముందు నాకు, తర్వాత వంతు వరస. ఆ లెక్కన పదకొండో పెట్టెకు 7:22 అవుతుంది.

పిడుగుకు టవరు పోతే మోటార్లు ఆగుతాయని వాడికి తెలుసు. దగ్గర్లో పాత పెట్టె ఉన్న స్తంభం గేటు దగ్గరిదే. పలకలన్నీ విప్పి, కట్ట మీదుగా తోసుకుంటూ తెచ్చి, ముందు దాన్ని లేపాలనుకున్నాడు. ఫోను తనంతట తాను బలమైన టవరుకు పోతుందని వాడికి తెలుసు. తాళం సంగతి తెలియదు. మేం తాళం వేసినప్పుడు కొండ మీద ఉన్నాడు. తర్వాత చాలాసార్లు దిగి వచ్చాడు. బెల్లం గురించి, మేకల గురించి మాట్లాడుకున్నాం. ఇది చెప్పాలని తోచలేదు.

రుద్రప్ప బండిలో దుప్పటి పరిచాడు. "పానాతో విప్పినాడని నేనే చెప్తి అత్తా" అన్నాడు. "పెరకలేదని గూడా నేనే చెప్తి."

మే 18

సాయంత్రం మట్టి చేశాం. ఊరంతా వచ్చారు. పలకలకు ఇల్లే ఇస్తారన్న మనిషి కూడా వచ్చి మూడు గుప్పిళ్ళు మట్టి వేశాడు.

తిప్పన్న తర్వాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నువ్వొకటో దినమే పంపమంటివి" అన్నాడు.

"ఒకటో దినం వాడు కొండ మీదే ఉండాడన్నా. పదకొండో తేదీన ఈడుండాడు. అది నా లెక్క, నీది కాదు."

ఆయన గుత్తి నా పక్కన పెట్టి పోయాడు.

మే 20

పధ్నాలుగు పెట్టెలు, నా ఫోను. అన్నిటికీ తాళం తీసి 2093 మీద మళ్ళీ వేశాను. వేయకపోతే 2093 బలం కాస్త తగ్గినా 7700 దగ్గరకు పోతాయి. వేరే దారి లేదు.

మోటార్లు మొదటి రింగుకే లేస్తున్నాయి. ఇంత బాగా ఎప్పుడూ లేవలేదు. జనం సంతోషంగా ఉన్నారు. నా ముందు కనపడనివ్వడం లేదు.

గేటు దగ్గర ఉండడానికి కుళ్ళాయప్ప ఫోను తీసుకుని రుద్రప్ప పోయాడు. విరిగిన మెట్టు మార్చాక గాని ఎక్కనని వాళ్ళ నాన్నతో అన్నాడట. తాళం అంటే ఏమిటో, రెండో పేజీ అంటే ఏమిటో, అతన్ని కూర్చోబెట్టి పొద్దుగూకేదాకా చెప్పాను. రెండోసారి చెప్తుంటే, "అర్థమైంది అత్తా" అన్నాడు. మూడోసారి చెప్పాను.

సుంకమ్మ దగ్గరకు పోయి, కట్టిన ఐదు వంతులూ తిరిగి ఇస్తానన్నాను.

"ఇవ్వు. చేను సగం పోయింది. మిగిలింది బతుకుతాది" అంది. చాటలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. "నేను గూడా ఒక దినం ఆడ ఆగి, ఫోను ఎవురు చేస్తాండారో చూసింటే సరిపోయేది. దయ్యమని నవ్వుకుంటా కూర్చుంటి."

"నీకు చదవను రాదు గదా."

"పేరు రాదు. మనిషి పిలుస్తాండాడని తెలిసేది."

నేను ఎంత తప్పు కట్టాలో తిప్పన్నను అడగమని చెప్పాను. ఎవరికి అంది. నీకు అన్నాను. ఆమె చాట కింద పెట్టింది. "నువ్వు నాకు కట్టేదేమీ లేదు. ఇంగ పో. మూడో బోరు ఆపల్ల నువ్వు" అంది.

నిజమే. వేళ దాటింది. పోయి ఆపాను.

మే 24

ఈ పుస్తకం మొదట్లో 'రెండో పేజీ చూడక్కర్లేదు' అని రాశాను. నిన్న దాన్ని కొట్టేయబోయి ఆగాను. నా తర్వాత వచ్చే నీరుగంటి ముందు అది చదివి, ఆ తర్వాత ఇక్కడిదాకా చదవాలి.

ఉదయం ఏడు. టవరు 2093. బలం 66. దూరం 6. మిస్డ్ కాల్ ఒకటి.

రెండో పేజీ చూశాను. 7700 ఉంది. ఇంకేమీ లేదు.